కోలారు సీమలో పరుగు – పాదరక్ష

పరుగుపందెములలో వట్టికాళ్లతో పరుగెత్తుట మేలా, బూట్లు తొడిగి పరుగెత్తుట మేలా యను ప్రశ్న క్రీడాభిమానులలో తఱచుగా వినవచ్చుచున్నది. దీనికి శరీరశాస్త్రము చెప్పు సమాధాన మొకటి. చరిత్ర చెప్పు సమాధానము వేఱొకటి. మారికుప్పము పరిసరముల తెలుగువారికి రెండవది మిక్కిలి దగ్గఱది. దానిని సంగ్రహముగా పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పందెము కాకమునుపు పరుగు ఒక జీవనోపాధి. 17వ శతాబ్దమున చిక్కదేవరాయ ఒడెయరు మైసూరు రాజ్యమున నెలకొల్పిన తపాలా వ్యవస్థకు ‘అంచె’ యని పేరు. 1889లో అది బ్రిటిషు ఇండియా తపాలా శాఖలో విలీనమైనది. ‘అంచె’ మన భాషలోను గలదు. మజిలీ వెంట మజిలీగా సాగు పనిని ‘అంచెలంచెలుగా’ జరిగిన దందుము. టపా మోయువాడు తన మజిలీ వఱకు సంచిని చేర్చి తరువాతివాని కందించెడివాడు. రిలే పందెమున కఱ్ఱ నందించుట దీనికి సాటియైనది. అయితే టపావానికి బహుమానము లేదు. కూలి మాత్రమే కలదు.

ఇక పాదరక్ష మాట. చెప్పులు కుట్టినవారు మాదిగలు. అయినను అనేక గ్రామములందు దళితులు పైకులములవారి వీధులలో చెప్పులు తొడిగి నడువరాదను కట్టుబాటుండెను. కావున వట్టికాలు పేదరికమునకు మాత్రమే గాక, నిషేధమునకును గుర్తు. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఈ సీమలో గనులపని చేపట్టిన పిమ్మట చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతములనుండి వచ్చిన కూలీలలో దళితులు పెక్కుమంది. ఛాంపియన్ రీఫ్ గని క్రమముగా 3,000 మీటర్లకు మించిన లోతునకు దిగెను. 1961 నాటి లోహ గనుల నిబంధనలు గనిలో దిగు ప్రతివానికి పాదరక్షలు తప్పనిసరి గావించెను. అనగా, ఊరి వీధిలో నిషిద్ధమైన పాదరక్ష భూగర్భమున విధియైనది. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి.

ఈ గనుల సీమలో 1940లో జన్మించిన కెన్నెత్ పావెల్ 1964 టోక్యో ఒలింపిక్సులో భారతదేశము తరఫున స్వల్పదూరపు పరుగులలో పాల్గొనెను. అదే టోక్యోలో మారథాన్ గెలిచినవాడు ఇథియోపియా దేశపు అబెబె బికిలా. 1960లో రోమునగరమున అతడు వట్టికాళ్లతో 2 గంటల 15 నిమిషముల 16 సెకనులలో గెలిచెను. టోక్యోలో బూట్లు తొడిగి 2 గంటల 12 నిమిషముల 11 సెకనులలో గెలిచెను. ఈ భేదమును బూట్లకే కట్టబెట్టరాదు; త్రోవ, సాధన, వాతావరణము వేఱు. గ్రహింపవలసిన దేమనగా, రోమున అతనికి బూట్లు లభ్యమైయుండెను. అవి కాళ్లకు సరిపడనందున అలవాటైన పద్ధతినే అతడు నమ్మెను. ఎన్నిక యన నిదియే.

శాస్త్రజ్ఞులును అలవాటునకే ప్రాధాన్య మొసగుచున్నారు. చిన్ననాటినుండి వట్టికాళ్లతో పరుగెత్తువారు తఱచు ముంగాలు మోపుదురనియు, బూట్లవారిలో పెక్కురు మడమ మోపుదురనియు, ముంగాలు మోపినపుడు నేల తాకిడి తగ్గుననియు డేనియల్ లీబర్మన్ బృందము 2010లో వెల్లడించెను. అయినను వట్టికాళ్ల వలన గాయములు తగ్గునని దానివలన తేలలేదు. హఠాత్తుగా అలవాటు మార్చినచో పిక్కలకును, పాదపుటెముకలకును హాని కలుగవచ్చును.

కావున రెండును అందుబాటులో నున్నవానికే ఇది ప్రశ్న. ఒకటే యున్నవానికి ప్రశ్న లేదు. పాఠశాల మైదానమున వట్టికాళ్లతో గెలిచిన బాలుని ‘సహజశక్తి’ని కొనియాడుటకు ముందు, వానికి బూట్లున్నవో లేవో ఉపాధ్యాయులమైన మనము విచారింపవలెను. ఉన్నచో, తొడుగుటయు విడుచుటయు వాని యిష్టము. తమ వంశమున మొదట పాదరక్ష తొడిగినవా రెవరో, ఎచట తొడిగిరో పెద్దల నడిగి వ్రాసియుంచుడని సోదరులను కోరుచున్నాను. గని పరిశ్రమ చరిత్ర పుస్తకములలో కలదు. దానిలో దిగిన పాదముల చరిత్ర ఆ పెద్దల జ్ఞాపకములందే కలదు.