పేరు ముందు చేరిన 'కొండ'

మన తెగల పేర్లు ఒకసారి చదవండి. కొండదొర, కొండకాపు, కొండరెడ్డి. మైదానంలో కాపులున్నారు, రెడ్లున్నారు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుతో షెడ్యూల్డు తెగల జాబితా వచ్చినప్పటి నుంచి 'కొండ' అనే రెండక్షరాలకు సీటు విలువ, ఉద్యోగం విలువ పట్టింది. అబద్ధపు ధ్రువపత్రానికి దొంగ ముద్ర ఉండి తీరాలనేమీ లేదు. పేరు ముందు రెండక్షరాలు చేర్చి రాయిస్తే చాలు, కింద సంతకం అసలు అధికారిదే.

అంతకుముందు రాత ఎదురుదారిలో నడిచేది. దానికి మన పార్వతీపురమే సాక్షి. 1957లో ఇది ఇద్దరు సభ్యుల లోక్‌సభ స్థానం, అందులో ఒకటి తెగలకు రిజర్వు. జనరల్ స్థానంలో గెలిచిన వారు డిప్పల సూరిదొర. ఓడిన వి.వి.గిరి, తర్వాత రాష్ట్రపతి అయిన ఆయనే, కోర్టుకెక్కారు. సూరిదొర కుటుంబం క్షత్రియులమని రాసుకుంటోంది కాబట్టి ఆయన తెగవాడు కాడని ఒక వాదన. 1959లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు దాన్ని కొట్టేసింది. ఆయన మూకదొరే అంది. గౌరవం కోసం మనవాళ్లు పై కులం పేరు రాసుకున్న కాలమది. ఇప్పుడు మన పేరు ఎవరు రాసుకుంటున్నారో చెప్పక్కర్లేదు!

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993లో దీనికోసం 16వ నంబరు చట్టం వచ్చింది. తెగవాడినని రుజువు చేసుకునే బరువు అడిగినవాడిదే. అబద్ధమైతే పత్రం రద్దు, జైలు కూడా. మరుసటి ఏడాది మహారాష్ట్రలో మెడికల్ సీట్ల కోసం మహాదేవ్ కోలీలమన్న అక్కచెల్లెళ్ల కేసులో సుప్రీంకోర్టు పరిశీలన కమిటీలు పెట్టమంది. స్కూలు రికార్డు, సొంత ఊరు, వేల్పులు, పెళ్లి తీరు, చావు తంతు, అన్నీ విచారించాలంది. అయినా ఏళ్ల తరబడి సర్వీసు చేశారన్న జాలితో కొందరి ఉద్యోగాలు నిలిచాయి. ఆ జాలి చెల్లదని 2017లో అదే కోర్టు తేల్చింది. అయితే ఆ సీటు దక్కక ఇంటర్‌తో ఆగిపోయిన పిల్ల ఏమైంది? ఏ తీర్పులోనూ ఆమె పేరుండదు.

ఇందులో ఇంకో ముల్లుంది. రాజ్యాంగానికి ముందునాటి కాగితాలకే ఎక్కువ విలువని 2023 తీర్పు చెబుతోంది. ఆచారాల పరీక్ష ఒక్కటే కొలబద్ద కాదని కూడా అంది, అది మంచిదే. కానీ పోడు కొట్టుకున్న మన తాతలు బడికెక్కడ వెళ్లారు? అబద్ధమాడేవాడు కాగితం సంపాదించుకుంటాడు. నిజమైన సవరపిల్ల తండ్రి, కూలి పోగొట్టుకుని ఆఫీసు చుట్టూ తిరుగుతాడు.

అందుకే వసతి గృహాల వార్డెన్లం పాత అడ్మిషన్ రిజిస్టర్లను చెద పట్టకుండా దాస్తున్నాం. కులం గడిలో 'ఎస్టీ' అని వదిలెయ్యకుండా తెగ పేరు, ఊరు, పంచాయతీ పూర్తిగా రాస్తున్నాం. మీ పిల్లల్ని చేర్చేటప్పుడు ఆ గడి మీరే చదివి, తప్పుంటే ఆ రోజే దిద్దించండి.