దూరమును చేరువ చేసిన బరువు కటకములు

పరుగు పందెమున గెలిచినవాని ముఖమును, నీటికి వచ్చిన పులి కన్నులను పత్రికలో చూచునపుడు, ఆ చిత్రము తీసినవాడు ఎంత దూరమున నిలిచెనో మనకు తోచదు. అతడు మోసిన బరువు అసలే తోచదు. ఆ బరువునకు ఒక చరిత్ర కలదు.

టెలిఫోటో కటకము పుట్టుకతో బరువైనది కాదు. 1891లో లండనున థామస్ డాల్‌మేయరు, జర్మనీలో అడాల్ఫ్ మీథే, అడాల్ఫ్ స్టెయిన్‌హైల్ ఎవరికి వారే ఒకే ఉపాయమును కనుగొనిరి. ముందు కుంభాకార కటకమును, దాని వెనుక పుటాకార కటకమును అమర్చినచో, మిక్కిలి పొడవైన కెమెరా చేయు పని పొట్టి గొట్టముతోనే నెరవేరును. అయితే ఆ గొట్టమున వచ్చు వెలుతురు స్వల్పము. కొండ కదలదు గనుక దానిని ఎంతసేపైనను చిత్రింపవచ్చును. పరుగెత్తు గుఱ్ఱము ఆగునా?

కదలుదానిని పట్టుటకు షట్టరు రెప్పపాటు కంటె త్వరగా తెరచి మూయవలెను. అంతలోనే చాలినంత వెలుతురు లోనికి రావలెను. చిక్కంతయు ఇక్కడనే యున్నది. దూరపు వస్తువు ఫిల్ముపై స్పష్టముగా పడుటకు కావలసిన దూరమును నాభ్యంతరమందురు. ‘ఎఫ్ 2.8’ అను కటకమునకు, నాభ్యంతరమును 2.8తో భాగించినంత వెడల్పుగల వెలుతురు ద్వారము ఉండవలెను. 50 మిల్లీమీటర్ల కటకమునకు 18 మిల్లీమీటర్లు చాలును. 300 మిల్లీమీటర్ల దానికి 107 కావలెను. ఆకృతి మారకుండ వెడల్పు రెండింతలైనచో గాజు బరువు ఎనిమిదింతలగును.

ఈ బరువునకు వెరవక జర్మనీలోని జైస్ కంపెనీ 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడల నాటికి 180 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 సొన్నార్‌ను సిద్ధము చేసెను. సొన్నార్ రూపశిల్పి లుడ్విగ్ బెర్టెలె. తరువాత అది ‘ఒలింపియా సొన్నార్’ అను పేరనే ప్రసిద్ధికెక్కెను. ఆ క్రీడలలో వాడిన ఒక టెలివిజన్ కెమెరా ఎంత పొడవనగా, దానిని ‘టెలివిజన్ ఫిరంగి’ అనిరి.

పిదప రంగుల చిక్కు ఎదురయ్యెను. పొడవైన కటకమున ఎఱుపు, నీలము ఒకేచోట కలియవు. అంచులకు రంగుచారలు పడును. ఫ్లోరైట్ అను స్ఫటికము ఈ దోషమును చాలవరకు పోగొట్టును. ప్రకృతిలో దొరకునవి చిన్నవి గనుక జపాను దేశపు కెనాన్ కంపెనీ వానిని కృత్రిమముగా పెంచి, 1969లో 300 మిల్లీమీటర్ల ఎఫ్ 5.6 కటకమును విక్రయించెను. ఫ్లోరైట్ వేడికి వ్యాకోచించును. ఎండను తిప్పికొట్టుటకే ఆ పెద్ద గొట్టములకు తెల్లరంగు వేసిరి.

ఇట్టి కటకము ధర లక్షల రూపాయలు. ఇచట కెమెరాయే కటకమునకు వ్రేలాడును. నిలువుకఱ్ఱను కటకపు గొట్టమునకే బిగింతురు. 400 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8తో 10 మీటర్ల దూరమున జింక కన్ను స్పష్టమైనచో, జానెడు వెనుకనున్న చెవి మసకబారును. మద్రాసు ప్రకృతి పరిశీలకుడు ఎం. కృష్ణన్ తాను కూర్చుకొన్న బరువైన కెమెరాకు ‘సూపర్ పాండెరోసా’ అని వేడుకగా పేరు పెట్టుకొనెను. మోసినవానికే ఆ హాస్యము తెలియును.

ఇక బరువు తగ్గిన వైనము. 1999లో వచ్చిన కెనాన్ 400 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 కటకము 5.37 కిలోగ్రాములు తూగెను. 2018 నాటి కటకము 2.84 కిలోగ్రాములే. గాజు లోపలి వెలుతురు వెనుకకు పోయినకొలది సన్నబడును. కావున ముందటి పెద్ద కటకమును ఉంచి, దాని తరువాతివానిని వెనుకకు జరిపినచో చిన్నవి చాలును. ఇంజనీర్లు చేసినది అదియే. గొట్టమునకు తేలిక లోహములను వాడిరి. ముందటి ద్వారము మాత్రము నాడును నేడును 143 మిల్లీమీటర్లే. అది తగ్గినచో వెలుతురు తగ్గును. వెలుతురు తగ్గినచో సంధ్యవేళ పరుగు తీయు జింక చిత్రమున మసకగా మిగులును.