రైస్ట్లిన్‌దా తప్పు, కారమన్‌దా?

జబ్బుమనిషి విసుర్లు పడుతూ ఎంతకాలం సేవ చెయ్యాలి? అన్నీ మనమే అమర్చిపెట్టి, ఆ మనిషిని తన కాళ్ల మీద తను నిలబడకుండా చేస్తున్నామా? మనం వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుకునే ప్రశ్నలివి. అమెరికాలో పాచికలతో ఆట ఆడుకునే కుర్రకారు ఇవే ప్రశ్నల మీద నలభై ఏళ్లుగా గట్టిగా కొట్లాడుకుంటున్నారు. వాళ్ల గొడవంతా రైస్ట్లిన్, కారమన్ అనే కవల అన్నదమ్ముల గురించి. ఆ ఇద్దరూ ఒక ఆట కోసం పుట్టిన పాత్రలు. మా అబ్బాయి అలమరలోంచి తీసి ఆ పుస్తకాలు చదివాక, నాకు పాత్రల కథ ఎంత నచ్చిందో అవి పుట్టిన కథ కూడా అంత నచ్చింది.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి తయారుచేసింది. 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో మొదట వెయ్యి ప్రతులు వేశారు. వైకుంఠపాళిలా గళ్ల పటం ఉండదు, పావులు పండించుకోవడం ఉండదు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర అవుతారు. ఒకరు యోధుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు దొంగ. గుహలో ఎటు వెళ్లాలో వాళ్లే తేల్చుకుంటారు, కత్తి వేటు తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది.

ఉటా రాష్ట్రంలో లారా, ట్రేసీ హిక్‌మన్ అని ఒక జంట ఉండేవారు. 1977లో పెళ్లయింది. భర్తకి ఈ ఆట నేర్పింది లారాయే. ఇద్దరూ కలిసి ఆటకి కొత్త కథలు అల్లి, సొంతంగా అచ్చు వేసుకునేవారు. వాటిలో ఒకదాని పేరు ‘రహాసియా’. ట్రేసీ పెళ్లికి ముందు మతప్రచారం కోసం ఇండోనేషియాలో ఉన్నారు. ఆ దేశపు భాషలో ‘రహాసియా’ అంటే మన ‘రహస్యం’ అనే మాటే, సంస్కృతం నుంచి అక్కడికి వెళ్లింది. అంత దూరపు ఆటలో మన మాట కనిపిస్తే నాకు సంతోషమేసింది.

తర్వాత రోజులు బాగాలేక చేతిలో డబ్బు ఆడలేదు. పిల్లలకి బూట్లు కొనడానికైనా వస్తాయని ఆ ఆటని అచ్చువేసే టీఎస్‌ఆర్ కంపెనీకి తమ కథలు అమ్మజూపారు. కంపెనీవాళ్లు కథలు కొనడమే కాదు, వచ్చి ఉద్యోగంలో చేరమన్నారు. 1982లో సామానంతా సర్దుకుని కారులో విస్కాన్సిన్‌కి బయల్దేరారు. ఆ దూర ప్రయాణంలో మొగుడూపెళ్లాలు మాట్లాడుకుంటూ ఒక కొత్త లోకాన్ని ఊహించారు. డ్రాగన్లు యుద్ధానికి దిగిన లోకం, దేవుళ్లు వదిలేసి వెళ్లిపోయారని జనం అనుకునే లోకం. దానికే తర్వాత ‘డ్రాగన్‌లాన్స్’ అని పేరు పెట్టారు.

ఆటపుస్తకాలతో పాటు మూడు నవలలు కూడా తేవాలని కంపెనీ అనుకుంది. ఆ పని చూడడానికి 1983లో మార్గరెట్ వైస్ అనే ఎడిటర్ చేరారు. మిస్సోరీ రాష్ట్రం నుంచి వచ్చిన మనిషి, విడాకులై ఇద్దరు పిల్లలతో ఉన్న తల్లి. నవల రాయమని బయటి రచయితని పెట్టుకుంటే అది కుదరలేదు. ఈ మనుషులు మనకి తెలిసినంతగా బయటివాళ్లకి ఎలా తెలుస్తారని, మార్గరెట్, ట్రేసీ ఒక వారాంతం కూర్చుని మొదటి అధ్యాయాలు తామే రాసి చూపించారు. పని వాళ్లకే దక్కింది. మొదటి నవల ‘డ్రాగన్స్ ఆఫ్ ఆటమ్ ట్వైలైట్’ 1984లో వచ్చింది, మిగతా రెండూ 1985లో వచ్చాయి.

ఆ కథకి నాయకుడు టానిస్. స్నేహితుల గుంపుని నడిపించేది అతనే. కానీ పాఠకుల మనసు మాత్రం మూల కూర్చుని దగ్గుతున్న మంత్రగాడి మీదికి పోయింది. ఆట పరీక్షించడానికి ట్రేసీ ఇంట్లో మిత్రులు కూర్చున్నప్పుడు టెర్రీ ఫిలిప్స్ అనే స్నేహితుడికి రైస్ట్లిన్ పాత్ర వచ్చింది. ఆయన గుసగుసలాంటి బొంగురు గొంతుతో మాట్లాడేసరికి గదిలో అందరూ ఉలిక్కిపడ్డారట. ఆ గొంతే నవలలోకి వెళ్లింది. బంగారు రంగు చర్మం, ఇసుక గడియారాల్లాంటి కళ్లు అన్న వర్ణనని పట్టుకుని, ఎందుకలా అయ్యాడన్నది మార్గరెట్ ఆలోచించారు. నవల రాకముందే, 1984 మార్చిలో, ‘డ్రాగన్’ అనే పత్రికలో ఆ కథ రాశారు.

ఆ లోకంలో మంత్రగాడు కావాలంటే ఒక పరీక్షకి నిలబడాలి. తప్పితే ప్రాణమే పోతుంది. రైస్ట్లిన్ గెలిచాడు కానీ ఒళ్లు చితికిపోయి బయటికొచ్చాడు. ఏది చూసినా వాడిపోతూ, చచ్చిపోతూ కనిపించే కళ్లు మిగిలాయి. అందమైన ఆడపిల్ల ఎదురుగా నిలబడ్డా అతనికి ముసలితనమే కనిపిస్తుంది. ఆ పరీక్షలో అన్న కారమన్ కూడా మంత్రాలు వేస్తున్నట్టు ఒక భ్రమ ఎదురయింది. తనకంటూ ఉన్న ఒక్క విద్యనీ అన్న లాక్కున్నాడన్న కడుపుమంటతో తమ్ముడు ఆ భ్రమని చంపేశాడు. నిజం కారమన్ పక్కనే నిలబడి అదంతా చూశాడు.

చూసి కూడా అన్న ఏం చేశాడు? తమ్ముణ్ణి మోసుకుంటూ తిరిగాడు. ఏ ఊళ్లో ఆగినా నీళ్లు కాచి దగ్గుకి మూలికల కషాయం కలిపి ఇచ్చాడు. బదులుగా తిట్లు తిన్నాడు. ఇక్కడే అభిమానులు చీలిపోతారు.

రైస్ట్లిన్ పక్షం వాళ్లేమంటారంటే, పుట్టినప్పటి నుంచీ రోగిష్టివాడు, అందరూ మెచ్చుకునేది బలమైన అన్ననే, పాపం అతనికి మిగిలింది చదువొక్కటే. పైగా అందరూ ఈసడించుకునే బుపూ అనే అమాయకురాలితో ప్రేమగా మాట్లాడిన మనిషి కూడా అతనే, చిన్నచూపు అంటే ఏమిటో తెలిసినవాడు కాబట్టి. అవతలి పక్షం ఊరుకోదు. నడిసముద్రంలో ఓడ సుడిగుండంలో చిక్కుకుంటే, అన్ననీ స్నేహితులనీ అక్కడే వదిలేసి తనొక్కడే మంత్రంతో తప్పించుకున్నవాణ్ణి ఎలా వెనకేసుకొస్తారంటారు.

మూడో మాట 1986లో వచ్చిన రెండో విడత నవలలతో మొదలైంది. అందులో తమ్ముడు దూరమయ్యాక కారమన్ హాయిగా ఉంటాడనుకుంటాం. ఉండడు. తాగుడుకి బానిసై, ఒళ్లు పెంచుకుని, కుర్చీలో కూలబడతాడు. అంటే ఇన్నాళ్లూ ఎవరికి ఎవరు అవసరం? తమ్ముడి జబ్బు మీద ఆధారపడి బతికింది అన్నేనా? ఈ మాట చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. సేవ చేసిన చేతులకి పని లేకుండా పోయాక కుప్పకూలిన ఆడవాళ్లని మనం ఎంతమందిని చూడలేదు!

ఆడపాత్రల మీదా గొడవ తక్కువేం కాదు. కవలల సవతి అక్క కిటియారా. తల్లి మంచాన పడితే చిన్నతనంలో ఆ పిల్లలిద్దర్నీ పెంచింది ఆమే. తర్వాత ఇల్లు విడిచిపోయి శత్రుసేనకి అధిపతి అయింది. లొరానా సైన్యాన్ని నడిపి గెలిచిన రాజకుమారి. టానిస్ చావుబతుకుల్లో ఉన్నాడన్న కిటియారా అబద్ధపు కబురు నమ్మి, అన్నీ వదిలి పరుగెత్తి చిక్కుకుపోతుంది. అంత తెలివైనది అలా చేస్తుందా అని కొందరికి ఇప్పటికీ కోపం. నాకు కోపం రాలేదు. అలాంటి కబురు వస్తే ముందు చెప్పులేసుకుంటాం, ఆలోచన తర్వాత.

ఈ కవలలకి పోటీగా నిలబడ్డ పేరు డ్రిజ్ట్. అదే కంపెనీకి ఆర్.ఎ. సాల్వటోర్ రాసిన ‘ది క్రిస్టల్ షార్డ్’ 1988లో వచ్చింది. నాయకుడు వుల్ఫ్‌గార్ అనే యోధుడు. పక్కన ఉండాల్సిన పాత్రని మార్చమని ఎడిటర్ మేరీ కిర్చాఫ్ ఫోన్ చేశారు. వారంలో చెబుతానంటే, మీటింగ్‌కి వెళ్తున్నాను ఇప్పుడే కావాలన్నారు. అప్పటికప్పుడు నోటికొచ్చిందే నల్లని చర్మం, తెల్లని జుట్టు ఉన్న డ్రిజ్ట్. ఆ పక్క పాత్రే వుల్ఫ్‌గార్‌ని వెనక్కి నెట్టేసింది. 1990లో వచ్చిన ‘హోమ్‌లాండ్’లో అతని పుట్టుక చెప్పారు. అతనిది ఆడవాళ్లు ఏలే పాతాళనగరం. మూడో కొడుకు కాబట్టి కన్నతల్లి మాలిస్ పురిట్లోనే బలివ్వబోయింది. అదే రాత్రి రెండో కొడుకు పెద్దవాణ్ణి చంపడంతో లెక్క మారి ఈ పసివాడు బతికాడు. అధికారం ఆడవాళ్ల చేతికొస్తే ఇల్లు దానంతటదే చల్లగా ఉండదని ఆ పుస్తకం చెబుతుంది. అది చదవడం నాకు కష్టంగానే ఉంది, అయినా కాదనలేను.

డ్రిజ్ట్ గొప్పా, రైస్ట్లిన్ గొప్పా అని అడిగితే, ఒకడు చెడ్డ ఇంట్లో పుట్టి మంచివాడుగా మిగిలాడు, ఇంకొకడు ప్రేమించే అన్న పక్కనుండగానే చెడిపోయాడు. మనిషిని ఇల్లు తయారుచేస్తుందా, తనే తయారవుతాడా అన్నదే వాళ్ల వాదన. రాసినవాళ్లు నాయకులని పెట్టుకున్నది టానిస్‌ని, వుల్ఫ్‌గార్‌ని. చదివినవాళ్లు వాదించి వాదించి వీళ్లిద్దర్నీ ముందుకి తెచ్చారు.

నన్నడిగితే నా ఓటు ఈ ఇద్దరికీ కాదు, టికాకి. పూటకూళ్ల ఇంట్లో వడ్డించే పిల్ల, మొదటి నవలలో ఇనప పెనంతో శత్రువుల తలలు పగలగొట్టింది. కారమన్‌ని పెళ్లి చేసుకుంది. అతను తాగి పడిపోతుంటే, నువ్వు మళ్లీ మనిషివై తిరిగి రా, అప్పటిదాకా ఈ గుమ్మం తొక్కద్దని మూట చేతికిచ్చి పంపేసింది. కారమన్ తమ్ముడికి చెయ్యలేకపోయిన పని అది. అతను లేచి నిలబడి ఇంటికొచ్చాడు. తర్వాత వాళ్లకి పుట్టిన ఐదుగురు పిల్లల్లో ఒకడు మంత్రగాడు కూడా అయ్యాడు. అభిమానుల వాదనల్లో టికా పేరు పెద్దగా వినపడదు. మీరు ఆ పుస్తకాలు చదివితే ఆమెని దాటేసి పోకండి.