ఏడుగురు శాస్త్రజ్ఞుల నివేదిక

ఒక శక్తిని కనుగొన్న శాస్త్రజ్ఞునకు దాని వినియోగమును గుఱించి మాటాడు హక్కు కలదా? ఈ ప్రశ్నకు సంబంధించిన చరిత్రలో ఒక్క ఘట్టమును మాత్రమే నేనిప్పుడు మనవి చేసెదను.

జేమ్స్ ఫ్రాంక్ జర్మనీ దేశపు యూదుడు. 1925వ సంవత్సరపు భౌతికశాస్త్ర నోబెలు బహుమానము నందుకొన్నవాడు. 1933లో నాజీ ప్రభుత్వము యూదులను ఉద్యోగములనుండి తొలగింప నారంభించెను. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడుగా నుండుటచే ఫ్రాంకునకు మినహాయింపు కలదు. ఊరకుండిన పదవి నిలుచును. ఆయన ఊరకుండక రాజీనామా యిచ్చి, కారణమును పత్రికలలో ప్రకటించెను. తోడి ఆచార్యులు పలువురు ఆయననే నిందించిరి. ఇంకొకటియు చెప్పవలెను. ఆ మొదటి యుద్ధములో హాబరు పండితుడు నడపిన విషవాయు దళమున ఈయనయు పనిచేసెను. విజ్ఞానము ఆయుధమగుట యెట్టిదో ఆయన కన్నులార చూచినవాడు.

1942లో అమెరికాయందలి షికాగో నగరమున, లోహశోధనాలయమను మాఱుపేరుతో పరమాణు పరిశోధన సాగుచుండెను. అందు చేరుటకు ఫ్రాంకు ఒక షరతు పెట్టెను: ఆయుధము సిద్ధమగునాటికి మఱి యే దేశమువద్దను అట్టిది లేనిచో, దాని వినియోగమును గుఱించి తన యభిప్రాయమును ప్రభుత్వ ప్రముఖులకు తెలుపుకొన నీయవలెను. పనిలో చేరకమునుపే అసమ్మతికి చోటు కోరిన యీ ముందుచూపు నా కెంతయు మెచ్చదగినదిగా తోచును.

1945 మే నెలలో జర్మనీ లొంగిపోయెను. దానివద్ద బాంబు లేదు. జూను 11వ తేదీన ఫ్రాంకు, లియో జిలార్డు మొదలగు ఏడుగురు సంతకము చేసిన నివేదిక సిద్ధమయ్యెను. జపానుపై ముందు హెచ్చరిక లేక బాంబు వేయరాదనియు, ఎడారిలోనో నిర్జన ద్వీపముననో సకల దేశముల ప్రతినిధుల యెదుట దాని శక్తిని చూపవలెననియు అందు వ్రాసిరి. రహస్యమును దాచుటచే ఆధిక్యము నిలువదనియు, ఇతర దేశములు మూడు నాలుగేండ్లలో అందుకొనగలవనియు కూడ చెప్పిరి. ఫ్రాంకు స్వయముగా వాషింగ్టనుకు పోయెను గాని, యుద్ధకార్యదర్శి స్టిమ్సను దర్శనము కాలేదు.

ఓపెన్‌హైమరు, ఫెర్మీ, లారెన్సు, కాంప్టను అను నలుగురు సలహాదారులు జూను 16న తమ మతము తెలిపిరి. యుద్ధము నాపగల ప్రదర్శన యేదియు తమకు తోచలేదనిరి. వీరిని నేను నిర్దయులనను. యుద్ధము త్వరగా ముగిసిన ఎందఱో సైనికుల ప్రాణములు దక్కునని వారి తలపు.

జిలార్డు అంతటితో విడువలేదు. 1939లో ఐన్‌స్టైనుచే రూజ్వెల్టునకు జాబు వ్రాయించి యీ యత్నమునకు పురికొల్పినవాడు ఆయనయే. జూలై 17న 70 సంతకములతో అధ్యక్షునకు వినతిపత్రము కూర్చెను. అది సైన్యాధికారుల చేతులు మాఱి, ఆగస్టు 1న యుద్ధశాఖ కార్యాలయము చేరి, అచ్చటనే నిలిచెను. ట్రూమను దానిని చూడలేదు. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి దగ్ధమయ్యెను.

ఈ శాస్త్రజ్ఞుల నోరు ఎవరును నొక్కలేదు గదా యని కొందఱందురు. నిజమే; పెద్దలకు విన్నవించుకొన నిచ్చిరి. కాని ఏ ప్రజల పేరిట ఆ బాంబు వేయబడెనో ఆ ప్రజలకు ఒక్కమాటయు చెప్పనీయలేదు. యుద్ధము ముగిసిన పిదప జిలార్డు తన వినతిపత్రమును అచ్చువేయబూనగా, అది రహస్యమని సైన్యము అడ్డగించెను. ఏడుగురి నివేదిక మాత్రము 1946లో, షికాగో శాస్త్రజ్ఞులు స్థాపించిన పత్రికలో, కొన్ని భాగములు తీసివేయబడి వెలువడెను.

1949 ఆగస్టు 29న సోవియట్ రష్యా తన మొదటి పరమాణు బాంబును పేల్చెను.