దిండు గలీబులో భేతాళుడు

నవంబరు 14 బాలల దినోత్సవం. గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యేదీ ఆ రోజే, 20 దాకా సాగుతాయి. మా శ్రీకాకుళం ఇళ్లలో పిల్లలు "అమ్మా, రేపు బళ్లో వేషం కట్టాలంట" అని చెప్పేది మాత్రం 13వ తేదీ రాత్రి, కంచం ముందు కూర్చున్నాక.

నాలుగో తరగతిలో నేను విక్రమార్కుణ్నయ్యాను. అమ్మ ముందుగా చందమామ పత్రిక తెచ్చి దీపం కింద పరిచింది. బొమ్మను చాలాసేపు చూసింది. ఆ తర్వాతే కత్తెర పట్టింది. దిండు గలీబులో పాతగుడ్డలు కుక్కింది. గడ్డి కుక్కితే నా మెడకు గుచ్చుకుంటుందని భయం. నాన్న చిరుగుల పంచెను పీలికలు చేసి, చుట్టలు చుట్టి, కాళ్లూ చేతులూ కుట్టింది. జుట్టుకు గోగునార. నార మిల్లులకు పేరుపడ్డ ప్రాంతం మాది, గుప్పెడు నార ఏ ఇంట్లోనైనా దొరికేది. దాన్ని తడిపి, చిక్కు తీసి, నడినెత్తిన కుట్టి, బొగ్గుతో రెండు కళ్లు దిద్దేసరికి దిండు కాస్తా శవమైపోయింది. కిరీటానికి శుభలేఖల అట్ట, సిగరెట్ పెట్టెలోని తళుకు కాగితం, మైదా జిగురు. నిద్ర ముంచుకొస్తోంది, కత్తి వద్దులే అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"కత్తి నేని రాజేటిరా? బొమ్మలో ఆ చేతిలో ఏటుందో చూడు."

తాటిమట్ట కత్తయింది. జిగురు సరిగా ఆరలేదు, పొద్దున్న ప్రార్థన వేళకే కిరీటం ముందు రేకు వాలిపోయింది. అయినా నువ్వెవరని ఒక్కరూ అడగలేదు. భుజం మీద భేతాళుడున్నాడు కదా.

వేషంలో అసలు కిటుకు అక్కడుంది. ఒక్క గుర్తు దొరికితే చాలు, తక్కినదంతా చూసేవాళ్లే పూరించుకుంటారు. చక్రపాణి, నాగిరెడ్డి 1947 జూలైలో చందమామ మొదలుపెట్టారు. దానికి దశాబ్దాల పాటు బొమ్మలు గీసిన శంకర్ తొంభై ఏళ్లు దాటాక, 2020లో కన్నుమూశారు. ఒక చేత కత్తి, భుజాన శవం, చుట్టూ చీకటి: ఆయన గీసిన ఆ రాజును చూశాక తెలుగు పిల్లలకు విక్రమార్కుడు ఇంకోలా ఉంటాడన్న ఊహే రాలేదు. మా అమ్మ చేత కుట్టుపని చేయించింది ఆ కుంచే అని నాకిప్పుడు అనిపిస్తుంది.

ఈ గుర్తు సంగతి మా వైపు వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. తూర్పు భాగోతంలో సత్యభామ వేషం కట్టేది మగవాడు. ఆ వేషానికి జడే ప్రాణం. జడ కనిపించిందంటే భామ వచ్చినట్టే.

విజయనగరంలోనైతే పుస్తకానికీ వేషానికీ వరసే తిరగబడింది. జగన్నాథ విలాసినీ సభ వారు గురజాడ 'కన్యాశుల్కం' తొలిసారి ఆడింది 1892లో. పుస్తకం అచ్చయింది 1897లో. అంటే గిరీశం, మధురవాణి, వెంకటేశం అచ్చులోకి ఎక్కడానికి ఐదేళ్ల ముందే వేషాలు కట్టుకుని జనం ముందుకొచ్చారు. వెంకటేశం బడిపిల్లవాడే. నన్నడిగితే ఈ ప్రాంతపు బడుల్లో ఏటా కనీసం ఒక్కడైనా వెంకటేశం కావాలి. ఖర్చేమీ లేదు: చంకలో పుస్తకాలు, ముఖాన పరీక్ష తప్పిన దిగులు.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం నాడు మాత్రం పెద్ద చిక్కొస్తుంది. ఆ రోజు గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజు. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారాయన. గిడుగుకూ తలపాగాయే, గురజాడకూ తలపాగాయే. వేదిక మీద ఇద్దరు బుడతలు పక్కపక్కన నిలబడితే ఎవరెవరో తేలదు. ఒకడి చేతిలో సవర మాటలు రాసుకున్న నోటు పుస్తకం పెట్టండి, వాడు గిడుగు. సవర పల్లెల వెంట తిరిగి, వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన మనిషి ఆయన. ఆ పుస్తకం ఎందుకు పట్టుకున్నావని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం కోసమైనా పిల్లవాడు ఆ కథ తెలుసుకుంటాడు.

తలపాగా గుడ్డకు దూరం పోనక్కర్లేదు. పొందూరు పక్కనే ఉంది. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, సన్నటి నూలు వడుకుతారు. తాతగారి పాత పొందూరు ఉత్తరీయం ఇంట్లో ఉంటే పిల్లవాడి తలకు మెత్తగా అంటుకుపోతుంది. అద్దెకు తెచ్చిన నైలాన్ తలపాగా జారిపోతూనే ఉంటుంది. అద్దె దుకాణాలు ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ వెలిశాయి. ఉద్యోగాలు చేసుకునే తల్లులను తప్పుపట్టను. కానీ తల్లీబిడ్డా ఒక బొమ్మ మీదికి వంగి "ఆ చేతిలో ఏటుంది?" అని వెతుక్కునే ఆ అరగంట ఏ దుకాణంలోనూ అద్దెకు దొరకదు. అది పోతోందనే నా బాధ.

అయితే అది పూర్తిగా పోలేదు. బ్రిటన్‌లో మార్చి తొలి గురువారం బడిపిల్లలు పుస్తకాల్లోని మనుషులై బడికి వెళ్తారు. అక్కడి తెలుగు ఇళ్లలోనూ ఆ బుధవారం రాత్రి కత్తెరలు మేలుకునే ఉంటాయి.

నా భేతాళుడికి ఒక్క పూటే ఆయుష్షు. సాయంత్రం అమ్మ నార విప్పేసి, గుడ్డలు తీసేసి, గలీబు ఉతికింది. ఎంత రుద్దినా బొగ్గు కళ్లు పూర్తిగా పోలేదు. దండెం మీద చోటు లేక పెరట్లో చెట్టుకొమ్మకు ఆరేసింది. చీకటి పడ్డాక కిటికీలోంచి చూశాను. అది కొమ్మకు వేలాడుతూ, గాలికి ఊగుతూ, నావైపే చూస్తోంది.