వంగదేశపు కాంథా

చినిగిన చీరను పారవేయుట మన పూర్వుల యిండ్లలో లేదు. నాలుగు పాతచీరలు చేర్చి కుట్టినచో బొంత యగును. అది పసిబిడ్డకు పక్క, చలికాలమున ముసలివారికి దుప్పటి. బొంతకు సంస్కృతమున కంథ యని పేరు. వంగదేశమున అదియే కాంథాయై, పేదయింటి యవసరమునుండి చిత్రకళగా నెదిగినది.

కాంథా కుట్టు విధము గమనింపదగినది. వాడివాడి మెత్తబడిన తెల్లచీరలను, ధోవతులను పొరలుగా పరచి, చుట్టును కుట్టుదురు. దారము కొనరు, పాతచీరల రంగుటంచులనుండి ఎఱ్ఱని, నీలపు పోగులు లాగి, వానితోనే కుట్టుదురు. నడుమ విచ్చిన పద్మము, నాలుగు మూలల నాలుగు వృక్షములు, వాని సందున ఏనుగులు, పల్లకీలు, పడవలు, చేపలు. బొమ్మలు ముగిసిన పిమ్మట, మిగిలిన తెల్లనినేల యంతయు సూదిని పైకి క్రిందికి దూర్చుచు సన్నని కుట్టుతో నింపుదురు. అందువలన గుడ్డపై నీటి అలలవంటి మడతలు తేలును. పొరలన్నియు నొకటియై, జీర్ణించిన యే పొరయు నొంటరిగా బరువు మోయదు. అందమునకని వేసిన కుట్టే బలము నిచ్చుచున్నది! చలికి కప్పుకొను మందపుకాంథాకు లేప్ అనియు, అతిథులకు పరచుదానికి సుజని యనియు, అద్దమును దువ్వెనను చుట్టియుంచు చిన్నదానికి ఆర్శిలత యనియు పేర్లు.

పాతబట్టను మరల వాడినంతనే దాని విలువ పెరుగదు. ఇంగ్లండునందలి బాట్లీ పట్టణమున 1813లో బెంజమిన్ లా యను నతడు పాత ఉన్నిబట్టలను పీచుగా చీల్చి, క్రొత్త ఉన్నితో కలిపి బట్ట నేయించెను. దాని పేరు షాడీ. అమెరికా అంతర్యుద్ధమున (1861-65) అట్టి బట్టతో కుట్టిన సైనికుల దుస్తులు త్వరలోనే చివికిపోగా, ఆంగ్లమున ఆ పేరే నాసిరకమునకు మారుపేరుగా స్థిరపడెను. కాంథాలో బట్ట బట్టగానే నిలుచును. పైగా చేతిపని దానికి తోడగును.

మిల్లుబట్టల వ్యాప్తితో ఈ కళ క్షీణించినది. ఐ. సి. యస్. ఉద్యోగియైన గురుసదయ దత్తు (1882-1941) పల్లెలు తిరిగి సేకరించిన కాంథాలు పిదప కలకత్తా సమీపమున జోకాలో అతని పేర వెలసిన ప్రదర్శనశాలకు చేరినవి. వానిలో మానదాసుందరి యను నామె తన తండ్రికి సమర్పించుచు, ఆ మాటను సూదితోనే వ్రాసిన కాంథా యొకటి సుప్రసిద్ధము.

1971లో బంగ్లాదేశ్ అవతరించిన పిమ్మట గ్రామస్త్రీల కిది జీవనోపాధి యయ్యెను. 1978లో ఆరంగ్ విక్రయసంస్థ వెలసినది. అయితే అంగడికి ఒకే కొలత, ఒకే రంగు కావలెను. పాతచీరలా, ఏ రెండును సమానములు కావు. అందుచే క్రొత్తబట్ట, క్రొత్తదారము వచ్చినవి. పశ్చిమవంగమున టస్సరుపట్టుపై కాంథా కుట్టు వేసిన చీరలు ప్రసిద్ధికెక్కినవి. పలువురకు కూలి దొరకెను గనుక దీనిని నిందించుట న్యాయము కాదు. అయినను క్రొత్తపట్టుపై కుట్టిన దానిని చక్కని అల్లిక యందునే గాని, కాంథా యనుటకు నాకు మనసొప్పదు.

ఇటీవల పాతచీరలనే సేకరించి, పొరలు కుట్టించి, విదేశముల కంపు వర్తకులును బయలుదేరిరి. ఒక దుప్పటివలె మరియొకటి యుండదని వారు ముందుగానే చెప్పి యమ్ముచున్నారు.