ఒక్క మెతుకు, ఒక్క రేకు ముక్క

మన మహదేవపుర చుట్టుపక్కల రేకు పని షాపుల్లో ఉన్న సభ్యులు ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. రేకు వంచితే పగిలింది, సరుకు వెనక్కి వచ్చింది, తప్పు రేకుదా మనదా తేలలేదు అని. అందుకే ఈసారి రేకును పరీక్షించే పద్ధతి చరిత్ర రాస్తున్నాం.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. మేము చదివిన తమిళ బడిలోనూ ఇదే సామెత. లోహాల విషయంలో ఇంజనీర్లు దీన్ని అంత తొందరగా ఒప్పుకోలేదు. 1866లో లండన్‌లో డేవిడ్ కిర్కాల్డీ పెట్టిన పరీక్షా యంత్రం పొడవు 47 అడుగులు, లాగే బలం సుమారు 450 టన్నులు. 1879లో టే వంతెన రైలుతో సహా కూలినప్పుడు దాని ఇనుప ముక్కలు ఆయన దగ్గరికే వెళ్లాయి. పెద్ద వస్తువుకు పెద్ద ముక్క, అదే అప్పటి నమ్మకం.

రేకుకు సులువైన దారి 1914లో ఎరిక్సన్ చూపించాడు. రేకును గట్టిగా బిగించి, 20 మిల్లీమీటర్ల గుండును అందులోకి నొక్కుతారు. చీలిక కనిపించేసరికి గుంట ఎంత లోతు పడిందో అదే దాని మార్కు. మన పక్కనే 1940లో మొదలైన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ విమానాలతోపాటు రైలు పెట్టెలు కూడా కట్టింది. ఆ పెట్టెల పని తర్వాత బెమెల్‌కు పోయింది. విమానమైనా పెట్టె అయినా పైనున్నది రేకే. కొత్త రేకైతే అంచు నుంచి ముక్క కోసి చూడొచ్చు. ఏళ్లు పనిచేసిన రేకునో?

ఈ చిక్కు ముదిరింది అణు రియాక్టర్లలో. కల్పాక్కంలో 1985లో మొదలైన ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టర్‌లో ఇంధన కడ్డీల చుట్టూ ఆరు పలకల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం ఉంటుంది. (ఇలాంటి గొట్టాలు చేసేది హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీ.) లోపల ఉన్నన్నాళ్లూ న్యూట్రాన్లు తగిలి ఆ స్టీలు గుణం మారుతుంది. బయటికి తీస్తే రేడియేషన్. ముక్క ఎంత చిన్నదైతే ప్రమాదం అంత తక్కువ. అమెరికాలో 1980ల మొదట్లోనే 3 మిల్లీమీటర్ల బిళ్లను చిన్న గుండుతో నొక్కి చూశారు. కల్పాక్కం వాళ్లు ఆ గొట్టం గోడ నుంచి తీసిన చిన్న ముక్కలను చదునైన పంచ్‌తో కూడా పరీక్షించారు. మన షాపుల్లో ప్రెస్సు మీద బిళ్ల కొట్టినట్టే అనుకోండి, కాకపోతే ఎంత బలానికి తెగిందో రాసుకుంటారు.

ఇక్కడే సామెత కొంచెం తడబడుతుంది. లోహంలోనూ సూక్ష్మమైన రేణువులుంటాయి. ముక్క మందంలో అవి నాలుగైదే ఉంటే అది పెద్ద రేకులా ప్రవర్తించదు. అంచులో బుర్ర మిగిలినా లెక్క మారుతుంది. అందుకే ముందు అదే లోహంతో పెద్ద ముక్క, చిన్న ముక్క రెండూ పరీక్షించి పోల్చుకోవాలి. ఈ గుండు పరీక్షకు అమెరికాలో 2020లో, యూరప్‌లో 2021లో గాని ప్రమాణాలు రాలేదు. ఆ ఆలస్యం మాకు తప్పుగా తోచదు.

రోలింగ్ దిశలో ఒక బలం, అడ్డంగా ఇంకో బలం ఉండటం రేకు స్వభావం. కాబట్టి షాపులున్న సభ్యులకు ఒక మనవి. సరుకు వెనక్కి వస్తే పగిలిన ముక్కను తుక్కులో వేయకండి. రోలింగ్ దిశ తెలిసేలా దాని మీద గీత గీసి, ఏ లాటుదో రాసి పెట్టుకోండి.